మరమ్మతు ఖర్చు ఎవరి ఖాతాలో?

న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కును ఆనుకుని, 72వ వీధి మలుపులో డకోటా అనే పాత అపార్ట్‌మెంట్ ఉంది. 1980 డిసెంబర్ 8న జాన్ లెనన్‌ను కాల్చి చంపింది దాని గేటు దగ్గరే. ఆ సంగతి అందరికీ తెలుసు. మన నగరాలకు పనికొచ్చే కథ మాత్రం ఆ భవనం చేతులు మారిన తీరులో ఉంది.

కట్టించింది సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్. మిషన్లను వాయిదాల మీద అమ్మించిన బుర్ర ఆయనదే. పది కుటుంబాలు ఒకే కప్పు కింద ఉండటం పేదల బతుకని అప్పటి ధనికుల లెక్క. వాళ్లను రప్పించడానికి మందపాటి గోడలు, నడుమ పెద్ద ముంగిలి, లిఫ్టులు, భోజనశాల అమర్చారు. 1884లో భవనం తెరిచేనాటికి క్లార్క్ బతికి లేరు. అందులోని 65 వాటాలూ అద్దెకే.

క్లార్క్ వారసులు వదులుకున్నాక, 1961లో అద్దెకున్నవాళ్లే కూడబలుక్కుని దాన్ని కొనేసి సహకార సంఘంగా మార్చుకున్నారు. అదే నగరంలోని పాత రైల్వే స్టేషన్ పెన్ స్టేషన్‌ను కూలగొట్టడం మొదలైంది 1963లో. ఆ దెబ్బతో వారసత్వ కట్టడాల చట్టం 1965లో వచ్చింది. డకోటాకు దాని రక్షణ దొరికింది 1969లో. అంటే చట్టం కన్నా ముందే డబ్బు పెట్టి కాపాడుకున్నది కాపురం ఉన్నవాళ్లు. వాళ్లు కలిగినవాళ్లు, నిజమే. తర్వాత ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే పెత్తనమూ వాళ్ల బోర్డుకే దక్కింది. పేరున్న గాయకులకూ అక్కడ తలుపు తెరుచుకోలేదు.

ముంబైలో దీనికి తలకిందులు. 1947 నాటి చట్టం అద్దెలను 1940 సెప్టెంబర్ మట్టానికి కట్టేసింది. 1999 చట్టం ఏటా 4 శాతం పెంచుకోనిచ్చింది. నామమాత్రపు అద్దె మీద 4 శాతమంటే సున్నం ఖర్చుకూ చాలదు. గిట్టదని యజమాని బాగుచేయించడు, తనది కాదని అద్దెదారు చేయించడు. ప్రమాదకర భవనాల జాబితాను ఏటా వానలకు ముందు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ప్రకటిస్తుంది. బిల్డరు వచ్చి కూల్చి టవరు కడితే అద్దెదారుకు ఉచితంగా ఫ్లాటు వస్తుంది. ఇల్లు నిలబడితే ఏమీ రాదు, కూలితే సొంతమవుతుంది. ఇలాంటి ఏర్పాటులో పాత గోడను ఎవరు ప్రేమిస్తారు?

అద్దెదారులకు హక్కు ఇచ్చే ప్రయత్నం జరగలేదని కాదు. 70 శాతం మంది సంఘంగా ఏర్పడి అడిగితే, నెల అద్దెకు వంద రెట్లు చెల్లించి భవనాన్ని వాళ్లకు అప్పగించవచ్చని 1986లో మహారాష్ట్ర మ్హాడా చట్టాన్ని సవరించింది. గడ్డకట్టిన అద్దెకు వంద రెట్లంటే దాదాపు ఊరికే లాక్కున్నట్టే. యజమానులు కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యంలోనే, ప్రైవేటు ఆస్తులన్నీ సమాజ వనరులు కావని 2024 నవంబర్ 5న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో తేల్చింది.

తప్పు ఆలోచనలో లేదు, వెలకట్టడంలో ఉంది. కూల్చకుండానే కొనుక్కునే దారి, యజమాని ఒప్పుకోగల ధర, అద్దెదారుకు దీర్ఘకాలిక బ్యాంకు రుణం: ఈ మూడూ కలిపి ప్రభుత్వం కొత్త సవరణ తేవాలి. బిల్డర్లకు అదనపు అంతస్తుల అనుమతులు ఇస్తున్నంత చొరవ ఇందులో చూపితే చాలు.