పచ్చికకు అదను

పాఠశాల ముంగిట పచ్చిక పఱచుకొనియుండిన చూడవలెనని కోరని విద్యార్థి యుండడు. కాని పచ్చిక మన కోరికనుబట్టి పెరుగదు, ఋతువునుబట్టి పెరుగును.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న యొక పాఠశాలలో వార్షికోత్సవము సమీపించెను. అతిథులకు కనులపండువగా నుండునని మాఘమాసమున చలిదేశపు గడ్డివిత్తనములు తెప్పించి చల్లించితిని. పిల్లలు బిందెలతో నీరు మోసిరి. ఉత్సవమునాటికి నేల పచ్చబడెను. ఎండలు ముదురగానే గడ్డి యంతయు మాడిపోయెను. ఆ తప్పు నాదే. పోయినది గడ్డి మాత్రమే కాదు. పిల్లల శ్రమయు, ఊరివారి త్రాగునీరును.

ఇంగ్లండువంటి చల్లని దేశములలో ఆగస్టు చివరను, సెప్టెంబరు నెలలోను పచ్చిక విత్తుదురు. అప్పటికి నేలలో వేసవి వెచ్చదనము మిగిలియుండును, గాలి చల్లబడుచుండును, వానలు తోడుపడును, కలుపుమొక్కల జోరు తగ్గును. గడ్డకట్టు చలి రాకముందే వేరు నాటుకొనును. మనము అనుకరింపవలసినది వారి విత్తనమును కాదు, వారి వివేకమును. వారు చలికి ముందు వేరూననిత్తురు. మనము ఎండకు ముందు వేరూననీయవలెను.

ఆదోని, ఎమ్మిగనూరు సీమలో ఏప్రిల్, మే నెలల యెండ 40 డిగ్రీలు దాటును. ఇచ్చట పలువురి దాహము తీర్చునది తుంగభద్ర దిగువకాలువ నీరు. అట్టి నీటిని వేసవిలో గడ్డికి పోయుట న్యాయము కాదు. మన నేలకు తగినది గరిక. దానికి వేడి యనిన భయము లేదు. కావలసినది తడి మాత్రమే. జూన్ నెలలో మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు నేల బాగుగా నానిన పిదప, కణుపులున్న గరికతీగలను జానెడు దూరమున నాటి మట్టితో అదుమవలెను. సెప్టెంబరు వానలు ముగియులోపల ప్రతి కణుపును వేరు దిగును. వేసవిలో పైగడ్డి యెండినను, నేలలోని కాండము తొలకరికి మరల చిగురించును.

“అంతవరకు మన ఆవరణ బోసిగా నుండవలెనా?” అని మీరడుగవచ్చును. ఉండనిండు. బోసినేల అవమానము కాదు. అదను తప్పిన ఆడంబరమే అవమానము. విద్యార్థులారా! మీ పాఠశాలలో పచ్చిక పెంచదలచినచో ముందుగా ఆకాశమును చూడుడు. పిదప పార పట్టుడు.