బండిల మందుల డబ్బా, వెనకొచ్చేటోని కోసం

కోతలు మొదలైనయి. రోడ్ల మీద మళ్ళ వడ్లు, మక్కలు ఆరబోసుడు షురూ అయింది. అందుకే ఈ ముచ్చట ఇప్పుడే రాస్తున్న. ఎరువుల గురించి, ధర గురించి, కాంటా గురించి రోజూ మాట్లాడుకుంటం గని, పొద్దున లేస్తే ఎక్కే బండి మీదికెళ్ళి పడితే ఏం చెయ్యాలె అన్నది మాత్రం మాట్లాడుకోం.

మన దగ్గర బైక్ అంటే షికారు బండి కాదు. పాల క్యాన్ దాని మీదనే, యూరియా బస్తా దాని మీదనే, స్ప్రే పంపు, పైపు చుట్ట, బడికి పోయే పిల్లలు, దవాఖానకు పోయే ముసలవ్వ, అందరు దాని మీదనే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022ల దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్ల 1,68,491 మంది చనిపోయిండ్రు. అందుల దాదాపు 45 శాతం రెండు చక్రాల బండ్ల మీద పోయినోళ్ళే.

కొత్త బండి కొన్నప్పుడు షోరూంల ఓ చిన్న ఫస్ట్ ఎయిడ్ పొట్లం ఇస్తరు. అది ఎక్కడున్నదో ఇప్పుడు మీరు లేచి పోయి చూడుండ్రి. చాలామంది బండ్లల్ల అది సీటు కింద, టూల్ కిట్ పక్కన, సీలు గూడ విప్పకుండ పడి ఉంటది. మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది. ఎండల నిలబెట్టిన బండి సీటు కింద ఎంత వేడి ఉంటదో చెప్పనక్కర లేదు. అండ్ల ప్లాస్టర్ జిగురు కారిపోతది, ఆయింట్‌మెంట్ నీళ్ళయితది. పేరుకు డబ్బా ఉన్నట్టే, పనికి లేనట్టే.

అసలు సంగతి ఇంకోటి ఉన్నది. పడ్డోడు తన డబ్బా తాను తీసుకోలేడు. చెయ్యి విరిగినోడు సీటు తాళం తీస్తడా? తలకు తాకి సోయి లేనోడు కట్టు కట్టుకుంటడా? మన బండిల డబ్బా మనకు అక్కరకొచ్చేది తక్కువ. మన వెనక వచ్చేటోనికి అది దొరకాలె, లేకుంటే మన ముందు పడ్డోనికి మన డబ్బా అందాలె. అందుకే ఒక్కరు పెట్టుకుంటే ఫాయిద లేదు, ఊరంత పెట్టుకోవాలె అంటున్న. తాళం లోపట కాదు, హ్యాండిల్‌కో సైడ్ బ్యాగుకో, పైన "ప్రథమ చికిత్స" అని తెలుగుల పెద్దగ రాసి, ఎవరు చూసినా తెలిసేటట్టు.

మన దగ్గర రెండు పంటలున్నయి, గాయం కనవడితే రెండూ దాని మీదనే పెడుతం. జగిత్యాల దిక్కు పసుపు, ఆదిలాబాద్ దిక్కు పత్తి. పసుపు చేతి గీతకు పెట్టుకుంటే పెట్టుకో, నేను కాదన. గని లోతుగ తెగిన కాడ గుప్పెడు పసుపు కుక్కితే దవాఖానల డాక్టర్ ముందు అదంత కడిగి గోకాలె, అప్పుడుగని గాయం ఎంత ఉన్నదో కనవడదు. నొప్పి రెండింతలు. పత్తి సంగతి ఇంకా అన్యాలం. చేను పక్కనే పడ్డడు గదా అని పత్తి తెంపి అద్దుతరు. దాని పోగులు నెత్తురుల అంటుకొని ఎండిపోతయి, తీస్తే మళ్ళ కారుతది. పైగా ఆ పత్తి మీద మనం ఎన్ని మందులు కొట్టినమో మనకే ఎరుక. ఇంత పత్తి పండించేటోళ్ళం, అదే పత్తితోని నేసి శుభ్రం చేసిన గాజుగుడ్డ నాలుగు పొట్లాలు కొనుక్కోకపోవుడు నాకైతే నవ్వాలో ఏడవాలో తెలుస్తలేదు.

డబ్బాల ఏం పెట్టాలె? అన్నింటికన్న ముందు నెత్తురు ఆపేవి. గాజుగుడ్డ పొట్లాలు పెద్దయి ఓ పది, ఆరు అంగుళాల రోలర్ బ్యాండేజీలు నాలుగు, సాగే క్రేప్ బ్యాండేజీలు రెండు, ఉతికి ఇస్త్రీ చేసి కవర్ల కట్టిన తువ్వాల ఒకటి. నెత్తురు ధారగ పోతుంటే గాజుగుడ్డ గాని తువ్వాల గాని పెట్టి అరచేత్తోని గట్టిగ ఒత్తాలె. పది నిమిషాలు. ఆగిందా అని మాటిమాటికి తీసి చూడొద్దు. తడిసిపోతే పైన ఇంకోటి పెట్టాలె గని కిందిది పీకొద్దు. మనోళ్ళు తాడు, బైండింగ్ వైరు, స్టార్టర్ తాడు ఏది దొరికితే దానితోని పైన బిగిస్తరు. సన్నటి తాడు కండను కోస్తది. ఒత్తితే ఎంతకూ ఆగక ప్రాణం మీదికి వస్తున్నది అన్నప్పుడే, కాలికో చేతికో గాయానికి పైన, వెడల్పు గుడ్డతోని బిగించి, ఎన్ని గంటలకు కట్టినమో రాసి పెట్టాలె.

ఇంకా చేతి గ్లౌజులు రెండు జతలు, మొద్దు కొనల కత్తెర, గుడ్డ ప్లాస్టర్ రోల్, బెటాడిన్ ట్యూబు, సెలైన్ చిన్న బాటిల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, చిన్న టార్చి. గ్లౌజులు ఎందుకంటే, నెత్తురు ముట్టుకోవాలంటే వెనకాడేటోళ్ళు చాలామంది. వాళ్ళది తప్పు కాదు. చేతికి తొడుగు ఉంటే ముందుకు వస్తరు. విరిగిన కాలుకు కట్టేటందుకు వేరే కొనేది లేదు, మూరెడు పీవీసీ పైపు నిలువున చీరితే సరిపోతది, ఇంటి కాడ ముక్కలు పడే ఉంటయి.

ఒక్క మాట మాత్రం మరువొద్దు. ఈ డబ్బాను పురుగుమందు డబ్బాలు పెట్టే సంచిల పెట్టొద్దు. మనం మోనో, గుళికలు అన్నీ అదే సైడ్ బ్యాగుల ఏసుకొని వస్తం. ఆ వాసన పట్టిన గుడ్డ గాయం మీద పెడితే ఇగ దేవుడే దిక్కు.

పెద్ద ప్రమాదాలే కాదు, మన ఇండ్లల్ల ఎక్కువ అయ్యేవి చిన్నయి. సైలెన్సర్‌కు ఆడోళ్ళ పిక్క కాలుడు, వెనక కూసున్న పిల్లగాని మడమ స్పోకులల్ల పడుడు, చీర కొంగు చక్రంల సుట్టుకునుడు. కాలినదానికి టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పొయ్యాలె, అంతే. మడమ ఇరుక్కుంటే బలంగ గుంజొద్దు. స్పోకు కొయ్యాలె. అందుకని మందుల డబ్బాల కటింగ్ ప్లేయర్ కూడ ఉండాలె అని నేనంటే మా ఊరి మెడికల్ షాపాయన నవ్విండు. నవ్వనీ.

సోయి లేనోని నోట్ల నీళ్ళు పోసుడు మన ఊర్లల్ల పెద్ద అలవాటు. ఆ నీళ్ళు ఊపిరితిత్తులల్లకు పోతయి. పొయ్యొద్దు. ఊపిరి ఆడుతుంటే, మెడ మెలిక పడకుండ నలుగురు పట్టి, ఒక పక్కకు ఒరిగిచ్చి పండబెట్టాలె. తల తాకినోనికి నొప్పి గోలీ ఇయ్యొద్దు. ఆటోల కుక్కి మడతపెట్టి తీస్కపోవుడు కన్న 108 వచ్చేదాక కదిలియ్యకుండుడు మంచిది. 108 మన దగ్గర 2005 ఆగస్టు 15 నుంచి ఉన్నది, ఇప్పుడు మారుమూలకు కూడ వస్తున్నది. గని ఉట్నూరు, ఇంద్రవెల్లి దిక్కు లోపటి గూడేలల్ల సిగ్నల్ ఉండదు, బండి వచ్చేసరికి పొద్దుగూకుతది. అసొంటి కాడ తప్పనప్పుడు మంచం మీదనో తలుపు చెక్క మీదనో సాపుగ పండబెట్టి, ట్రాక్టర్ డబ్బాల మెల్లగ తీస్కపోవాలె.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ల ఆర్టీసీ బస్సు లోయల పడి అరవై మందికి పైగ పోయినప్పుడు ముందుగాల ఉరికింది చుట్టుపక్కల జనమే. ఎక్కడైనా అంతే. డాక్టర్ కన్న ముందు అక్కడ ఉండేది రైతే, కూలే, గొర్ల కాపరే. మరి మనోళ్ళు ఎందుకు ఆగరు? "పోలీసోళ్ళు మనల్నే కూసోబెడుతరు" అని భయం. ఆ భయం పాతది. 2016 మార్చిల సుప్రీంకోర్టు చెప్పింది, 2019ల మోటారు వాహనాల చట్టంల 134ఏ సెక్షన్ పెట్టిండ్రు. సాయం చేసినోని మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం పెట్టరాదు, సాక్షిగ ఉండుడు ఉండకపోవుడు మన ఇష్టం. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదం బాధితునికి ఏడు రోజుల దాక లక్షన్నర వరకు నగదు లేకుండ వైద్యం చేసే పథకం కూడ వచ్చింది, దాని కింద ఉన్న దవాఖానలల్ల. ఈ నాలుగు మాటలు ఓ కాగితం మీద రాసి డబ్బా మూత లోపట అతికియ్యుండ్రి. దాని కిందనే మీ పేరు, నెత్తురు గ్రూపు, ఇంటి నంబరు. ఫోన్‌కు లాక్ ఉంటది, కాగితానికి ఉండదు.

ఖర్చు అంటరా, నాకు రెండు యూరియా బస్తాల పైసలల్ల అయిపోయింది. బండికి ముందు ఎల్ఈడీ పట్టీలు పెట్టిచ్చేటోళ్ళకు ఇది బరువు కాదు. దసరాకు బండి కడిగి, నిమ్మకాయలు తొక్కిచ్చి పూజ చేస్తం గదా, ఆ రోజే డబ్బా కూడ విప్పి తేదీలు చూస్తే గుర్తుంటది. ఎండాకాలం మొదట్ల ఇంకోసారి, ట్యూబులు, గోలీలు మార్చేటందుకు.

మా ఊర్ల పన్నెండు మందిమి కలిసి కరీంనగర్‌ల హోల్‌సేల్‌గ తెద్దామని అనుకున్నం, గాజుగుడ్డ బండిల్‌గ కొంటే చవక పడతది. కట్టు కట్టుడు చూపెట్టమని ఏఎన్ఎం అమ్మను అడిగినం, టీకాల రోజు అయిపోయినంక ఓ గంట కూసుంటా అన్నది. మగోళ్ళు ఒక్కరే రావద్దు, ఇంట్ల ఆడోళ్ళను కూడ తీసుకరావాలె, వెనక సీటు మీద కూసునేది వాళ్ళే. కత్తెర, టార్చి మాత్రం ఎవరియి వాళ్ళే తెచ్చుకోవాలె.