జత పోయిన హామ్‌స్టరు

ఒక సోదరి ఈ శీర్షికకు జాబు వ్రాసినారు. వారి యింట పిల్లల ముచ్చటకై పెంచుచున్న రెండు చిన్న హామ్‌స్టరులలో నొకటి తెల్లవారునప్పటికి చచ్చి పడియున్నదట. రెండవది మూల నక్కి, మేత సరిగా ముట్టుట లేదట. దానికి తోడుగా వేఱొకదానిని నేడే కొనితెమ్మని పిల్లలు ఏడ్చుచున్నారు, తేవచ్చునా యని ఆమె ప్రశ్న.

సోదరీ! తేరాదనియే నా యభిప్రాయము. జత పోయిన ప్రాణిని చూచి మన మనస్సు కరుగుట సహజమే గాని, ఈ ప్రాణి నడవడి వేఱు. 1930వ సంవత్సరమున సిరియా దేశములో అలెప్పో నగర సమీపమున ఒక పొలమును త్రవ్వి ఒక తల్లిని, దాని పిల్లలను బయటికి తీసిరి. నేడు లోకమున ఇండ్లలో పెరుగుచున్న బంగారువన్నె హామ్‌స్టరులు చాలవరకు ఆ కాన్పు సంతతియే. ఆ జాతిలో ఎదిగినవి ఒక్కొక్క బొరియలో ఒక్కొక్కటిగానే బ్రతుకును. రెండింటిని ఒక పంజరమున నుంచినచో నెత్తురు వచ్చునట్లు కరచుకొనును, చంపుకొనుటయు కలదు. మీ యింటివి మరుగుజ్జు జాతివి కావచ్చును. అవి పసితనము నుండి కలిసి పెరిగినచో జతగా నుండగలవు. అయినను ఒకటి తనదని యెంచుకొన్న తావులోనికి ఎరుగని దానిని పంపుట తోడు తెచ్చుట కాదు, శత్రువును తెచ్చుటయే.

ఇక అది మూల నక్కియున్నదన్న మాట. దీనిని వెంటనే దుఃఖమని తలపవద్దు. వెనుకటి వాసన మారినందున కలిగిన కలవరము కావచ్చును. మొదటిదానికి వచ్చిన రోగమే దీనికిని అంటియుండవచ్చును. తోకక్రింద తడిసియున్నదా, విరేచనము నీళ్లగుచున్నదా చూడుడు. అట్లున్నచో ఆ పూటయే పశువైద్యునియొద్దకు కొనిపోవలెను. ఆ రోగమున రెండు దినములలోనే ప్రాణము పోవుట కలదు. గిన్నెలోని గింజలు తరిగినంత మాత్రమున తిన్నదని నమ్మరాదు, బుగ్గలలో కుక్కుకొని పోయి దాచుకొనుట దాని స్వభావము. వంటింటిలోని చిన్న త్రాసు ఒకటి దీనికి ప్రత్యేకించి, మొదటి వారము దినమొక్కసారి తూచి వ్రాసికొనుడు. మరుగుజ్జువి ముప్పది నలువది గ్రాములుండును గనుక, నాలుగు గ్రాములు తగ్గినను అది పెద్ద తరుగే.

చచ్చినదానిని వెంటనే తీసివేయవలెను. బ్రతికినది దానిని కొరికినట్లు కనబడినను అసహ్యించుకొనకుడు, అది జంతుధర్మము. చచ్చినది రోగముచేతనని అనుమానమున్నచో పరచిన పీలికలన్నియు పారవేసి, పంజరమును వేడినీట కడిగి ఆరబెట్టుడు. ముదిమిచేత పోయినదైనచో అట్లు చేయరాదు. తడిసిన భాగము మాత్రమే తీసి, పొడిగానున్న పాత పీలికలు కొన్ని యుంచవలెను. వాసనచేతనే అది తన యిల్లు ఎరుగును. మేత సగమునకు తగ్గించుట మరువకుడు. వేసవియైనచో పంజరమును ఎండ తగులని చల్లని గదికి మార్చుడు, మన కోస్తా యెండలు దానికి ప్రాణాంతకములు.

శీతలదేశములందు కాపురమున్న మన సోదరీమణులకొక మాట. చలి మిక్కుటమైనప్పుడు ఈ ప్రాణి చచ్చినట్లే ముడుచుకొని నిదురించును. పాతిపెట్టుటకు ముందు వెచ్చని గదిలో అరచేతులందుంచుకొని, శ్వాస మెల్లగానైన ఆడుచున్నదేమో కొంతసేపు పరికింపవలెను.

ఇంకొక సంగతి చాలమంది తలపనిది. పోయినది మగదియు మిగిలినది ఆడదియు నైనచో మూడు వారములు కనిపెట్టియుండుడు. వీని గర్భము బంగారువన్నె వానికి పదునారు దినములు, మరుగుజ్జు వానికి ఇంచుమించు ఇరువది దినములు. మూల నక్కినది గూడు కట్టుకొనుచున్నదేమో! అట్లైన పీలికలు ఎక్కువ వేసి, మేత పెంచి, చేయి పెట్టక విడువుడు. పిల్లలను తాకినచో తల్లి వానిని తినివేయుటయు కలదు.

పిల్లల యేడ్పునకు క్రొత్త ప్రాణి మందు కాదు. ఇది రెండు మూడేండ్లకు మించి బ్రతుకునది కాదని వారికి దాచక చెప్పుడు. తూకము వ్రాయు పని పెద్దపిల్లకు, రాత్రివేళ మేత వేయు పని చిన్నవానికి అప్పగింపుడు. ఇది రాత్రి తిరుగు ప్రాణి గనుక, పగలు లేపి ఓదార్పబోవుట దానికి బాధయే. పంజరము తాకిన పిదప ప్రతివారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఇంట గర్భవతి యెవరైన నున్నచో పంజరము శుభ్రపరచు పని ఆమెకు పెట్టకుడు. ఈ జాతి జంతువులనుండి అరుదుగా సోకు ఒక జ్వరము కడుపులోని శిశువునకు హాని చేయును. ఆ దినములు గడచువరకు పంజరమును ఆమె గదికి దూరముగా నుంచి, ఆ పని ఇంటిలోని మగవారికి అప్పగింపుడు.