మండువా లోగిలికి బేరం

గోదావరి జిల్లాల వాళ్లకి మండువా లోగిలి అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంటి నడిమధ్యన కప్పు లేని చోటు మండువా. నాలుగు వైపుల పెంకులూ లోపలికే వాలి ఉంటాయి. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్లూ అందులోనే పడి తూము గుండా బయటికి పోతాయి. చుట్టూ వసారా, దాని వెనక గదులు. వెలుతురూ గాలీ మండువాలోంచే రావాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గచ్చు మీద పడుకుంటే ఏసీ గుర్తు రాదు.

ఈ ఇళ్ల వెనక కాటన్ దొర ఉన్నాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, చేతిలో డబ్బాడింది, లోగిళ్లు లేచాయి. మా ఇంటి స్తంభాలు, దూలాలు బర్మా టేకు. గోడలకి డంగు సున్నం. సున్నం, ఇసుక గానుగలో పోసి ఎద్దులతో తిప్పించి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. మేకు దిగాలంటే ఇప్పటికీ కష్టమే.

అందం సంగతి సరే, ఆడవాళ్ల లెక్క వేరు. వీధి అరుగు మగవాళ్లది. మా నాయనమ్మ దాని మీద కూర్చోగా నేను చూడలేదు. వడియాలు పెట్టినా, తల ఆరబెట్టుకున్నా మండువాలోనే. ముట్టయితే పెరటి వసారా. ఆ రోజులే బాగుండేవి అనేవాళ్లెవరూ ఆ పొగ పొయ్యి ముందు కూర్చుని ఉండరు.

ఇప్పుడు కలప వ్యాపారి వచ్చాడు. అతనికి ఇల్లక్కర్లేదు, టేకూ ద్వారబంధాలూ చాలు. అన్నయ్యని అనడానికేం లేదు. ఏటా పెంకులు సర్దించాలి, చెద చూసుకోవాలి, ఆ పని తెలిసినవాళ్లు ఊళ్లో కరువయ్యారు. నా సంతకమూ కావాలిట. పిత్రార్జితంలో కూతురికి సమాన వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. 2005లో దేశమంతటా, పెళ్లయినవాళ్లకీ ఇచ్చారు. మీకూ ఇలాంటి కాగితం వస్తే చదవకుండా సంతకం పెట్టకండి.

అన్నయ్యని రెండు అడిగాను. విప్పదీసే ముందు ప్రతి గదీ కొలిపించి ప్లాను గీయించమన్నాను. ఏ గదిని ఏమని పిలిచేవారో, ఎవరు ఎక్కడ పుట్టారో అమ్మచేత చెప్పించి రికార్డు చేయమన్నాను. మూడోది ఇంకా అడగలేదు. మండువా, వసారా ఉంచేసి వెనక భాగం మాత్రం అమ్మితే? ముందు వదినని అడగాలి. అక్కడ చీపురు పట్టేది ఆవిడ, నేను కాదు.