ఆటయు ఆత్మరక్షణయు



మన కుటుంబముల బాలబాలికలు చదువులకును ఉద్యోగములకును ఆస్ట్రేలియా నగరములకు పోవుట నేడు సామాన్యమైనది. పోవుటకు ముందు వారికి జూడోగాని, కరాటేగాని, తైక్వాండోగాని నేర్పింపవలెనని తలిదండ్రులు కోరుచున్నారు. పతకములు గెలిపించు బడికి పంపవలెనా, వీథిలో ప్రాణము కాచు విద్య నేర్పెదమను బడికి పంపవలెనా యని మమ్ము అడుగుచున్నారు. ఇది ఊరక పుట్టిన సందేహము కాదు. 2009వ సంవత్సరము మే నెలలో, ఆంధ్రదేశమునుండి చదువుకొనుటకై మెల్బోర్నుకు వచ్చిన యొక విద్యార్థిని స్క్రూడ్రైవరుతో తలపై పొడిచిరి. అతడు ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి పాలయ్యెను. ఆ నెల 31వ తేదిన వేలకొలది జనులు ఆ నగరవీథులలో నిరసన తెలిపిరి. కావున ఈ విషయమును నిదానముగా విచారింతము.

ఆటకు హద్దులు కలవు. మెత్తని చాప, గంట, తీర్పరి, సమానమైన బరువు గల ప్రత్యర్థి, ఇవన్నియు ముందే యేర్పడియుండును. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో తైక్వాండోకు మొదటిసారి అధికారముగా పతకము లిచ్చిరి. 49 కిలోల తరగతిలో ఆస్ట్రేలియా వనిత లారెన్ బర్న్స్ స్వర్ణపతకము గెలిచెను. అది గొప్ప సాధనయే. అయినను ఆ ఆటలో ముఖముపై పిడికిటితో గ్రుద్దరాదు. వీథిలోనో, మొదటి దెబ్బ తఱచుగా అక్కడనే పడును. జూడోలో చేతులతో కాళ్లు పట్టి పడవేయుటను 2010లో కట్టడిచేసి, 2013లో పూర్తిగా నిషేధించిరి. నిషేధించినదానిని ఎవరును అభ్యసింపరు. అభ్యసింపనిదానిని కాచుకొనుటయు క్రమముగా మఱతురు. మన కుస్తీలో ప్రత్యర్థి వీపు నేలకు తాకించినవాడే విజేత. వీథిలో ఒకని నేలపై అదిమి పట్టియున్నవానిని, పడినవాని స్నేహితుడు వెనుకనుండి తన్నును.

భారతకథ మనకు తెలిసినదే. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదను నియమము కలదు. భీముడు దుర్యోధనుని తొడలు విఱుగగొట్టెను. బలరాముడు కోపించెను, కాని ఆ కోపముచే విఱిగిన తొడలు అతుకుకొనలేదు. ఆ రాత్రియే అశ్వత్థామ నిద్రించుచున్నవారిపై బడెను. అక్కడ నియమమును లేదు, తీర్పరియు లేడు. మొదటిది నియమము తప్పిన పోటీ. రెండవది నియమమే లేని దాడి. మన బిడ్డలు ఈ భేదమును గ్రహింపవలెను.

అట్లయిన ఆట నిష్ప్రయోజనమా? కాదు. జిగోరో కానో మహాశయుడు 1882లో టోక్యోలో కోడోకాన్ పాఠశాలను స్థాపించెను. స్వేచ్ఛగా పెనుగులాడు అభ్యాసమునుండి ప్రమాదకరమైన పట్లను అతడు తొలగించెను. అందువలన శిష్యులు భయము లేక, పూర్తి బలముతో, ఎదురు తిరుగు మనుష్యునిపై దినదినము సాధన చేయగలిగిరి. కన్ను పొడువుము, గొంతు గ్రుద్దుము అని చెప్పు విద్యను ఎవరిపైనను పూర్తిగా అభ్యసింపజాలము. కదలక నిలిచిన మిత్రునిపై చేసిన సాధన, గట్టున కూర్చుండి నేర్చిన ఈత వంటిది. నీటిలో దిగినప్పుడు గాని దాని విలువ తెలియదు.

ఇక నిజమైన ఆత్మరక్షణ చేతిదెబ్బకు ముందే ఆరంభమగును. చుట్టును చూచి నడచుట, దూరము నిలుపుకొనుట, బిగ్గరగా కేకవేయుట, తప్పుకొనిపోవుట, 000కు ఫోను చేయుట, ఇవియే మొదటి పాఠములు. డబ్బు అడిగినవానికి డబ్బిచ్చి ప్రాణము దక్కించుకొనుట పిఱికితనము కాదు. కత్తి చూచినచో పరుగే మేలు.

చట్టమును గూడ తెలిసికొనవలెను. క్వీన్స్‌లాండ్ నేరస్మృతి 271వ విభాగము ప్రకారము, తాను రెచ్చగొట్టకయే తనపై దాడి జరిగినప్పుడు, కాచుకొనుటకు న్యాయముగా అవసరమైనంత బలమునే వాడవచ్చును. పారిపోవువానిని వెంటాడి కొట్టుట రక్షణ కాదు. ఒక్క దెబ్బకు పడి, తల రాతిబాటకు తగిలి మరణించినవారు కలరు. అందుచే 2014లో న్యూ సౌత్ వేల్స్‌లో ప్రత్యేక చట్టము వచ్చెను. అట్టి అక్రమమైన దెబ్బకు 20 సంవత్సరముల వఱకు చెఱ, కొట్టినవాడు మద్యపుమత్తులో నున్నచో 25 సంవత్సరముల వఱకు. క్వీన్స్‌లాండ్‌లో అదే సంవత్సరము చేసిన చట్టమున యావజ్జీవము వఱకు శిక్ష కలదు.

కావున తలిదండ్రులకు మా సలహా యిది. ఏ బడియైనను ముందు వెళ్లి చూడుడు. శిష్యులు ఎదురు తిరుగువానితో నిజముగా పెనుగులాడుచున్నారా? గురువు ఆట నియమములకు వెలుపల నున్న అపాయములను, తప్పుకొను ఉపాయములను, చట్టమును గూడ చెప్పుచున్నాడా? శిష్యులలో అణకువ పెరుగుచున్నదా, జగడమునకు కాలు దువ్వు గర్వము పెరుగుచున్నదా? మొదటి రెండింటికి ఔననియు, మూడవదానికి అణకువ యనియు సమాధానము వచ్చినచో, ఆ బడి పేరు ఏదైనను మంచిదే. పతకములు ఆ మూడింటి తరువాత లెక్కింపవలసినవి. బాలికలను గూడ బాలురతో సమముగా పంపుడు. ఒంటరిగా రాత్రిపూట పనినుండి తిరిగి వచ్చువారిలో వారును కలరు.

ఆటలో గెలుపనగా ఎదుటివాడు ఓడుట. వీథిలో గెలుపనగా మన బిడ్డ క్షేమముగా ఇల్లు చేరుట. ఈ రెండును వేఱని తెలిసి నేర్చినవానికి రెండు విద్యలును ఉపకరించును.