తెర ఆగింది, అమ్మ గొంతు ఆగలేదు

రెండు నెలల క్రితం ఓ శనివారం రాత్రి అమ్మతో వీడియోలో మాట్లాడుతున్నాను. అక్కడ ఆదివారం పొద్దున్న. నాన్న కంటి ఆపరేషన్ తర్వాత డాక్టరు ఏమన్నాడో చెబుతోంది. సరిగ్గా అప్పుడే తెర బిగుసుకుపోయింది. అమ్మ సగం తెరిచిన నోటితో అలాగే ఉండిపోయింది. మౌసు కదలదు, మూలనున్న గడియారంలో నిమిషం మారదు. నా వేలు అలవాటు ప్రకారం పవర్ బటన్ మీదకి వెళ్ళిపోయింది.

అప్పుడు అమ్మ గొంతు వినపడింది. "ఏంట్రా అలా తెల్లమొహం వేశావు? చుక్కల మందు నాలుగు వారాలు వెయ్యమంటే అంత ఆశ్చర్యమా?"

"అమ్మా, నేను కనపడుతున్నానా నీకు?"

"శుభ్రంగా కనపడుతున్నావు. గడ్డం కూడా గీసుకోలేదు."

వేలు వెనక్కి తీశాను. శబ్దం వస్తోంది, నెట్ నడుస్తోంది, కెమెరా నా మొహాన్ని గుంటూరు దాకా పంపిస్తోంది. అంటే కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. నాకు బొమ్మ చూపించడం ఒక్కటే ఆగిపోయింది. అంతకు ముందు నెలలో అరడజను సార్లు ఇలాగే "హ్యాంగ్" అయితే, ప్రతిసారీ బటన్ నొక్కిపట్టి బతికున్న దాని పీక నొక్కానన్నమాట. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, రోజూ ఇతరుల సిస్టమ్స్ బాగుచేసి జీతం తీసుకునే మనిషిని. సిగ్గుగానే ఉంది మరి :)

లినక్స్ వాడేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తెర ఆగగానే పవర్ బటన్ నొక్కడం మరమ్మతు కాదు, సాక్ష్యం చెరిపెయ్యడం. ఇది మాటవరసకి అంటున్నది కాదు. ఈ రోజుల్లో ఎక్కువ లినక్స్‌లలో జరిగినదంతా సిస్టమ్‌డీ వాళ్ళ జర్నల్ రాసుకుంటుంది. మరీ తీవ్రమైన సందేశాలు వస్తే వెంటనే, మిగతావి మామూలుగా ఐదు నిమిషాలకోసారి, డిస్కుకి ఖాయంగా చేరుస్తుంది. మనం బటన్ నొక్కితే పోయే అవకాశం ఉన్నవి సరిగ్గా ఆ చివరి నిమిషాలే. నా పాత చిట్టాలు తీసి చూస్తే అదే కనపడింది. ప్రతిసారీ వైఫై గురించో, బ్యాటరీ గురించో రాస్తూ రాస్తూ మధ్యలో తెగిపోయి ఉంది. తప్పు గురించి ఒక్క ముక్క లేదు.

మరి ఏం చెయ్యాలి? మొదట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి టెర్మినల్ తెర వస్తే కెర్నెల్ బతికే ఉంది, గొడవ డెస్క్‌టాప్‌దో, గ్రాఫిక్స్‌దో. ఎఫ్2 తోనో ఎఫ్1 తోనో వెనక్కి రావచ్చు. ఆ రోజు నాకు అంతే సరిపోయింది, అమ్మ మళ్ళీ కదిలింది. అది పనిచెయ్యకపోతే, ఇంతకు ముందే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకుని ఉంటే, ఇంట్లో ఇంకో కంప్యూటర్ నుంచి లాగిన్ అయి చూడండి. క్యాప్స్‌లాక్ దీపం వెలిగి ఆరుతోందంటే ప్రాణం ఉన్నట్టే. వెలగకపోయినంత మాత్రాన పోయిందనుకోకండి. డిస్కు దీపం ఆగకుండా కొట్టుకుంటోందంటే అసలు గ్రాఫిక్స్ తప్పే కాకపోవచ్చు, మెమరీ నిండిపోయి ఉండొచ్చు.

ఏదీ కుదరకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని వరసగా ఎస్, యూ, బీ నొక్కండి. మొదటిది డిస్కుకి రాయాల్సింది రాయిస్తుంది, రెండోది డిస్కుని చదవడానికి మాత్రమే అన్నట్టు మారుస్తుంది, మూడోది రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ మూడూ ముందే అనుమతించి ఉంటాయి. కొన్నింట్లో మనమే తెరవాలి. లేచాక జర్నల్‌సీటీఎల్‌తో కిందటి బూట్ తాలూకు కెర్నెల్ సందేశాలు చదవండి. ఫలానా రింగ్ టైమవుట్ అనో, జీపీయూ హ్యాంగ్ అనో చాలాసార్లు అదే చెబుతుంది.

ఇక నాకు చిరాకు తెప్పించే రెండో అలవాటు: ఎవరికో పనిచేసిందని బూట్ లైనులో నాలుగు మంత్రాలు ఒకేసారి అతికించెయ్యడం. అందరికంటే ముందుండేది నోమోడ్‌సెట్. తెర సంగతి కెర్నెల్ స్వయంగా చూసుకునే పద్ధతి 2009లో 2.6.29తో, ముందుగా ఇంటెల్ చిప్పులకి, వచ్చింది. నోమోడ్‌సెట్ ఆ పద్ధతినే ఆపేస్తుంది. దాంతో డ్రైవర్ పక్కకి తప్పుకుని, గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఇన్‌స్టాల్ చెయ్యడానికి, ఒక్కసారి లోపలికి వెళ్ళడానికి అది మంచి సాయమే. కానీ దాన్నే శాశ్వతంగా ఉంచుకోవడం, పంటినొప్పికి జీవితాంతం మాత్ర మింగడం లాంటిది.

ఒక్కసారికి ఒక్క మార్పు, దాని తర్వాత కొన్నాళ్ళు గమనించడం. ఇదే పద్ధతి. ముందు బూట్ మెనూలో పాత కెర్నెల్‌తో నడిపి చూశాను, అందులోనూ ఆగింది. తర్వాత ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ ఒక్కటే ఆపాను. అదేంటంటే, బొమ్మ మారనప్పుడు గ్రాఫిక్స్ చిప్ నిద్రపోతుంది, తెర తన దగ్గరున్న పాత బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. బ్యాటరీ ఆదా. లేవాల్సినప్పుడు లేవకపోతే మాత్రం మీరు చూసేది పాత బొమ్మే! అది ఆపాక మూడు వారాలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ వివరాలన్నీ డ్రైవర్ రాసేవాళ్ళకి పంపాను. వాళ్ళ దగ్గర నా లాప్‌టాప్ ఉండదు కదా. నేను చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

"ఇంత తతంగం మామూలు మనిషికెందుకు?" అంటే, నిజమే. విండోస్‌లో విస్టా నాటి నుంచీ గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్లు పలక్కపోతే దానంతటదే రీసెట్ చేసే ఏర్పాటు ఉంది. లినక్స్ డ్రైవర్లూ రీసెట్ చేస్తాయి గానీ, పైనున్న డెస్క్‌టాప్ ఆ దెబ్బకి తట్టుకోలేక కూలిపోవడం ఇంకా చూస్తున్నాం. దీన్ని వెనకేసుకు రావడం నావల్ల కాదు. కానీ ఆ దారి బాగుపడేది కూడా ఎవరో ఒకరు సాక్ష్యం దాచిపెట్టి ఇస్తేనే.

మా స్నేహితుడొకడు ఇలాంటి తెర జబ్బుకే విసిగిపోయి, మొత్తం ఫార్మాట్ కొట్టాడు. వాళ్ళ అబ్బాయి మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులోనే పోయాయి. తెర ఆగినందుకు డిస్కుకి శిక్ష! ఆ తర్వాత కూడా తెర ఆగుతూనే ఉంది.

ఈ మధ్య అమ్మ ఫోనులో ఒక్క క్షణం పలక్కపోయినా నేను కంగారు పడటం మానేశాను. ముందు అడుగుతాను: "అమ్మా, నేను కనపడుతున్నానా?"