లేబర్ రూమ్‌లో మన అక్క పక్కన ఎవరుండాలి?

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. ముఖ్యంగా తమ్ముళ్లూ అన్నలూ, "ఇది ఆడవాళ్ల సంగతి" అని కిందికి జరిపేయకండి.

ఆస్పత్రిలోనే కాన్పు అవ్వాలని ఆశా అక్కలు, ఏఎన్ఎంలు మన ఊళ్లకొచ్చి చెప్తున్నారు. మేమూ అదే అంటాం. పాతకాలం పురుడే మంచిదని రాసేవాళ్లతో మేం ఏకీభవించం. మాయ పడక రక్తం పోతుంటే ఎంత చేయి తిరిగిన మంత్రసానైనా ఏం చేస్తుంది? రక్తహీనత, సికిల్ సెల్ మన ఏజెన్సీలో కొత్తవి కావు. అలాంటి అక్కలకి డాక్టరు, రక్తం దగ్గర్లో ఉండి తీరాలి.

మా బాధ వేరే. డోలీ గురించి అందరూ మాట్లాడతారు. దుప్పటిని కర్రకి కట్టి గర్భిణిని మోసుకుంటూ కొండ దిగుతున్న ఫొటో పేపర్లో పడుతుంది, నాయకులు రోడ్డేస్తామంటారు. రోడ్డు రావాల్సిందే. కానీ డోలీ దిగి, అంబులెన్స్ దిగి, లేబర్ రూమ్ తలుపు మూసుకున్నాక లోపల ఏం జరుగుతుందో ఏ ఫొటోలోనూ ఉండదు.

మా హాస్టల్ అమ్మాయి ఒకరి అక్క సంగతి ఇది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఏ ఆస్పత్రో రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్కచోట జరిగేది కాదు. మొదటి కాన్పు. కేసు కష్టమని సిటీకి రిఫర్ చేశారు. నొప్పులతోనే ఘాట్ దిగి, చోడవరం దాటి విశాఖ చేరింది. ఆమెకి కువి వచ్చు, ఆదివాసీ ఒడియా వచ్చు. తెలుగు సంతలో బేరమాడేంత. వాళ్లమ్మని తలుపు దగ్గరే ఆపేశారు. లోపల "ముక్కు, ముక్కు" అని అరిచారు. ఆమెకి తెలిసిన ముక్కు మొహం మీద ఉండేదే. చేత్తో ముక్కు పట్టుకుంది. నవ్వారు. ఆ తర్వాత తిట్టారు. వెల్లకిలా పడుకోలేక బల్ల దిగి గొంతుక్కూర్చోబోతే తొడ మీద దెబ్బ పడింది. ఏదో కాగితం మీద వేలిముద్ర పెట్టించుకున్నారు, అది ఆపరేషన్ అవసరమైతే అని తర్వాత తెలిసింది. చివరికి ఆపరేషన్ లేకుండానే అయింది. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం. రికార్డులో అది సుఖప్రసవం.

ఆ అక్కకి ఇప్పుడు మళ్లీ ఏడో నెల. ఈసారి ఆస్పత్రికి రానంటోంది.

దీన్నే పైవాళ్లు "గిరిజనుల్లో అవగాహన లేదు" అంటారు. అవగాహన లేక కాదు, అనుభవం ఉండి రానంటోంది. ఆమె భయపడేది సూదికి కాదు, ఒంటరితనానికి.

మనకెవరూ చెప్పని విషయం ఒకటుంది. నొప్పులప్పుడు తల్లి పక్కన ఒక ఆడమనిషిని తోడుగా ఉండనివ్వొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రులకి చెప్పింది. 2017 డిసెంబర్‌లో వచ్చిన "లక్ష్య" కార్యక్రమం లేబర్ రూమ్‌లో గౌరవంగా చూడాలని, తిట్టడం కొట్టడం ఉండకూడదని, తోడు మనిషిని ఉండనివ్వాలని చెప్తోంది. తల్లి కోరుకున్న తోడు ఉండాలని, నిలబడో కూర్చునో నొప్పులు పడేలా ప్రోత్సహించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో సిఫారసు చేసింది. మన అమ్మమ్మలు చేసిందీ అదే కదా! 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కింద కాన్పు, మందులు, రక్తం, భోజనం, ఇంటికి తిరిగి దింపడం అన్నీ ఉచితం. ఎవరైనా డబ్బులడిగితే ఈ పేరు గట్టిగా చెప్పండి.

నర్సులందరూ చెడ్డవాళ్లని మేం అనడం లేదు. ఒకేసారి ఐదారు బల్లలు చూసే మనిషికి కోపం రాకుండా ఉండదు. కానీ ఆ కోపం ఎప్పుడూ భాష రానిదాని మీదే ఎందుకు పడుతోంది?

2023 ఫిబ్రవరి గుర్తుందా? ముంచింగిపుట్టు మండలం నుంచి వచ్చిన తల్లిదండ్రులు కేజీహెచ్‌లో చనిపోయిన పసిబిడ్డని స్కూటీ మీద పెట్టుకుని పాడేరు దాకా వెళ్లారు, సుమారు 120 కిలోమీటర్లు. అంబులెన్స్ ఇవ్వలేదని వాళ్లన్నారు. ఏర్పాటు చేసేలోపే వెళ్లిపోయారని ఆస్పత్రివాళ్లన్నారు. ఎవరి మాట నిజమో మేం తేల్చలేం. "కొంచెం ఆగన్నా, బండి వచ్చేదాకా నేనుంటాను" అనే మనవాళ్లు ఒక్కరు పక్కనుంటే కథ వేరేగా ఉండేదని మాత్రం అనుకుంటున్నాం.

జీవో నంబర్ 3 కోసం మనం ధర్నాలు చేశాం, చేస్తాం. అది టీచర్ పోస్టులది. మన భాష వచ్చిన మనిషి లేబర్ రూమ్‌లో ఉండాలన్న డిమాండ్ మాత్రం మేం ఏ ధర్నాలోనూ వినలేదు. 2022లో అల్లూరి జిల్లా వేరే అయినా కష్టమైన కేసులు ఇంకా విశాఖకే వస్తున్నాయి. కేజీహెచ్‌లో, ఘోషా ఆస్పత్రిలో కువి, ఆదివాసీ ఒడియా వచ్చిన ఆడమనిషిని రాత్రిపూట కూడా జీతమిచ్చి పెట్టాలి. ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో ఇదే మొదటి లైన్‌గా రాద్దాం.

అది వచ్చేదాకా మనం ఉన్నాం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం, ఈ సిటీ బస్సులు, చీటీ లైన్లు నేర్చుకున్నాం. ఎవరి ఊరి నుంచి కేసు వచ్చినా ఇద్దరు అమ్మాయిలం వెళ్దాం. లోపలికి తల్లినో అత్తనో పంపమని అడుగుదాం, వాళ్లెవరూ లేకపోతే మమ్మల్ని పంపమని అడుగుదాం. ఏ కాగితం దేనికో చదివి చెప్దాం. అబ్బాయిలు లోపలికి రాలేరు, సరే. రక్తం ఇవ్వగలరు. ల్యాబ్ చుట్టూ తిరగగలరు. రాత్రి బయట కూర్చున్న ముసలామెకి అన్నం తెచ్చివ్వగలరు.

కువి, పోర్జా, గదబ, ఆదివాసీ ఒడియా, ఎవరికి ఏది మాట్లాడటం వచ్చో, ఏ హాస్టల్లో ఉంటున్నారో కామెంట్లో రాయండి. అమ్మాయిలు ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టొద్దు, అడ్మిన్ అక్కకి విడిగా పంపండి. ఏడో నెల అక్కతో మాట్లాడటానికి వచ్చే ఆదివారం ముగ్గురం వెళ్తున్నాం. కువి బాగా వచ్చిన అమ్మాయి ఇంకొకరు కావాలి.